మడమ గుర్తులు

సున్నం బండి తోసేవాణ్ని.
స్కోరు గురించి నన్నెవరూ అడగరు.
కానీ జనం వెళ్లిపోయాక
గ్రౌండు నాకొక్కడికే చెబుతుంది
ఎవడు ఎక్కడ నిలబడ్డాడో,
ఎవడు ఎప్పుడు జంకాడో.

జంకేవాడి బరువంతా మడమ మీదుంటుంది.
బంతి మీదికి ఉరికేవాడి బూటు
మునివేళ్ల దగ్గర మట్టిని కొరుకుతుంది.
లీగంతా మన పెనాల్టీ బాక్సులో
నేను పూడ్చినవన్నీ మడమ గుంటలే.

పద్దెనిమిది తిన్నారు.
పెట్టింది పంతొమ్మిది.
ఆ మిగిలిన ఒక్కటే సెమీస్ దాకా ఈడ్చుకొచ్చింది.
నాజ్ సెంటర్ టీకొట్టులో అప్పుడే తీర్పు అయిపోయింది:
"ముందోళ్లు ఎంత కొలిచి పోస్తే ఏం లాభం,
గోతానికి అడుగున చిల్లుంటే!"
నేను గ్లాసు కిందపెట్టి వచ్చేశాను.
కాదనడానికి నా దగ్గర మాట లేదు.

గుంటూరంతా లైన్ల లెక్కే కదా.
బ్రాడీపేట నాలుగో లైను, అరండల్‌పేట పన్నెండో లైను,
చీకట్లో కూడా అడ్రసు తప్పం.
ఈ నలుగురికి మాత్రం
ఒకే లైనులో నిలబడటం రాదు.

నాగుల్ మీరా యార్డులో మిర్చి టిక్కీలు మోస్తాడు.
సాయంత్రం ప్రాక్టీసుకి వస్తే
వాడి చొక్కా ఘాటుకి ముందు మనవాళ్లే తుమ్ముతారు.
ఏసుపాదానిది కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ,
ఎండలో నిలబడి కూడా వణుకుతున్నట్టుంటాడు.
అంకమ్మరావు ఆటో నడుపుతాడు. కెప్టెన్.
హారన్ ఎక్కువ, బ్రేకు తక్కువ.
ఇక శాంసన్. పందొమ్మిదేళ్లు.
తెనాలి మ్యాచ్‌లో మన గోల్లోకి మనదే తన్నుకున్నాడు.
ఆ రోజునుంచి బంతి తన వైపొస్తే
ఎవరిదో అప్పు అడగడానికొచ్చినట్టు పక్కకి చూస్తాడు.

సోమవారం జకరయ్య మాస్టారు తాడు తెచ్చాడు.
టిక్కీలు బిగించే తాడు.
నలుగురి నడుములకీ వరసగా కట్టి
"ఇప్పుడు ఆడండిరా" అన్నాడు.
అంకమ్మరావు లాగాడు, శాంసన్ పడ్డాడు,
శాంసన్‌తో పాటు డిఫెన్సంతా పడింది.
గోడమీద పిల్లలు ఈలలేశారు.

ఎప్పుడూ మాట్లాడని నాగుల్ మీరా
మోకాలి దుమ్ము దులుపుకుంటూ అన్నాడు:
"లారీ పలక మీద ఎక్కేటప్పుడు మేం పక్కోడి ఊపిరి వింటాం.
ఒకడు ముందాగితే
వెనకోడి మెడ ఇరుగుద్ది."
అంతే.
ఏసుపాదం నవ్వాడు, ఆ సీజన్లో మొదటిసారి.

బుధవారానికి హుఁ అంటే నలుగురూ కదిలారు.
గురువారం తాడు విప్పేశారు.
విప్పినా మధ్య దూరం అలాగే నిలిచింది,
కట్టిన చోట చేయి పెట్టి తడుముకుంటూ
ఒకడిద్దరు ఆడారు కూడా.

ఇదంతా ప్రాక్టీసు.
రేపొచ్చేది బెజవాడ వాళ్లు.
వాళ్ల ముందు ముగ్గురూ సైకిల్ చైను మీద నడిచినట్టు నడుస్తారు.
నాలుగు రోజుల తాడు
నాలుగు నెలల భయాన్ని కట్టేస్తుందా?
నాకు తెలీదు. మాస్టారికీ తెలీదు,
అందుకే ఇవాళ రెండుసార్లు బీడీ ఆర్పి మళ్లీ వెలిగించాడు.

పొద్దుగూకాక గీతలు గీయడానికి దిగాను.
బాక్సు బయట, రెండడుగులు ముందుకి,
వరసగా బూటు గుర్తులు.
మునివేళ్లు లోతుగా.
ఒకటి, రెండు, మూడు.
నాలుగోది మడమ.

గోల్ లైను ఐదంగుళాలకు మించకూడదని రూలు.
ముప్పై ఏళ్లలో మొదటిసారి
చెయ్యి కాస్త వెడల్పుగా పోబోయింది, ఆపుకున్నాను.
గుంటలన్నీ పూడ్చాను, నీళ్లు చల్లాను.
ఆ ఒక్క మడమ గుంట మాత్రం వదిలేశాను.
పొద్దున్నే శాంసన్ అందరికంటే ముందొస్తాడు.
చూసుకుంటాడు.
పూడ్చుకోవాలనిపిస్తే
పార గోల్‌పోస్టుకి ఆనించి పెట్టాను.